మా ఈతకొలనుకు అయిదుకు అయిదు

మా కాలేజీలో ఈతకొలను లేదు. ఆ మాటకొస్తే వేసవిలో మూడో అంతస్తు కుళాయిలో చేతులు కడుక్కోవడానికి నీళ్లు కూడా ఉండవు. అయినా ఆ ఏడాది మా విద్యార్థులందరూ ఈతకొలనుకు అయిదుకు అయిదు మార్కులు వేశారు. ఆ మార్కులు కూడి, కింద సంతకం పెట్టి, యూనివర్సిటీకి పంపిన మనిషిని నేనే.

నేను కామర్స్ చెబుతాను. పత్తర్‌గట్టి దుకాణాల వెనక సందులోకి మళ్లి, బట్టల మూటలు దించే ఆటోల మధ్య నుంచి దారి చేసుకుని వెళితే మా ఆడపిల్లల కాలేజీ గేటు వస్తుంది. మా నాన్నగారు ప్రభుత్వోద్యోగం కోసం బాపట్ల వైపు నుంచి ఈ ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను పుట్టి పెరిగింది హైదరాబాదులోనే అయినా నా మాట మాత్రం ఇంట్లోదే. నాకు కోపం తొందరగా వస్తుంది, అంతే తొందరగా పోతుంది. వచ్చి పోయే మధ్యలో నోటి నుంచి ఊడిపడే మాటలతోనే చిక్కంతా.

అలాగే ఒక స్టాఫ్ మీటింగులో నోరు జారాను. విద్యార్థి సహాయ సేవల మూల్యాంకనం అని యూనివర్సిటీ నుంచి ఏటా ఒక ఫారం వస్తుంది. పిల్లలకు మేము ఏయే రకాలుగా సాయపడుతున్నామో, ఆ సాయం ఎలా ఉందో వాళ్ల చేతనే మార్కులు వేయించాలి. "దీన్ని మూల్యాంకనం అనరండీ, సున్నాలు చుట్టే ఆట అంటారు" అన్నాను. ప్రిన్సిపాల్ గారు తాపీగా నవ్వారు. "మంచి మాట చెప్పిండ్రు మేడం. ఈ ఏడు మీరే చూసుకోండ్రి" అని ఫైలు నా ముందుకు తోశారు. మిగతా వాళ్లందరికీ ఆ క్షణంలోనే తమ టీ కప్పుల్లో ఏదో ఆసక్తికరమైనది కనిపించింది.

అన్ని కాలేజీలకూ ఒకటే ఫారం. కౌన్సెలింగ్ కేంద్రం, ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్, ఉద్యోగ మార్గదర్శనం, హాస్టల్, బస్సు, జిమ్, ఈతకొలను. మాకు హాస్టల్ లేదు, బస్సు లేదు. కౌన్సెలింగ్ కేంద్రం అని బోర్డు ఉన్న గదిలో విరిగిన ఫ్యాన్లూ, వార్షికోత్సవం పరదాలూ ఉంటాయి. దాని తాళంచెవి రిటైరైన ఒక మాస్టారు పొరపాటున ఇంటికి పట్టుకుపోయారని అంటారు.

ఆ ఫారంలో లేనిది ఒక్కటే, మెట్ల కింది కిటికీ.

గేటులోంచి లోపలికి రాగానే మెట్ల కింద ఇనుప చువ్వల కిటికీ ఒకటి ఉంటుంది. పైన "విచారణ" అని రాసి ఉంటుంది. దాని వెనక స్టూలు మీద కూర్చునే ఆమెను పిల్లలు ఆంటీ అంటారు, మేమూ అదే అంటాము. యాభై దాటిన మనిషి. ఉండేది జహనుమాలో. భర్త ఆటో నడుపుతాడు. ఆదివారం చర్చికి కట్టుకున్న చీర సోమవారం కాలేజీకి కట్టుకొస్తుంది. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం, ఏడాదికొకసారి పొడిగించాలి. జిగురు సీసా, కత్తెర, పిన్నీసుల డబ్బా, ఒక స్టీలు చెంబు, ఇంతే ఆమె సరంజామా.

ఆమె పనిచేసే తీరు మాత్రం నేను ఇంకెక్కడా చూడలేదు. ఒక పిల్ల స్కాలర్‌షిప్ రాలేదని ఏడుస్తూ వస్తే, ఆఫీసుకు పో అనదు. ఒక్క నిమిషం కళ్లు మూసుకుంటుంది. "జర ఆగు బిడ్డా. బీఎస్సీ ఫైనల్ల పచ్చ బ్యాగు పిల్ల ఉంటది చూడు, పోయినేడు ఆ పిల్లకి గిదే లొల్లి అయింది. ఆమెను దీస్కొని పో, ఏ టేబుల్ కాడికి పోవాల్నో ఆమెకెర్క" అంటుంది. పేరు తప్పొచ్చిన మార్కుల మెమో అయినా, అటెండెన్స్ తక్కువైనా అంతే. కిందటేడు ఆ కష్టం పడ్డ పిల్లను ఈ ఏడు పడుతున్న పిల్లకు జత కలుపుతుంది. వచ్చే ఏడు ఈ పిల్ల ఇంకొకరికి దారి చూపించాలి. ఎవరికి ఏ ఏడు ఏ కష్టం వచ్చిందో ఆమెకు నోటికి వచ్చు. ఎక్కడా రాసుకోదు.

నన్ను మాత్రం ఆటపట్టిస్తుంది. "మీ తెలుగు ఇంటుంటే పుస్తకం సదివినట్టే ఉంటది మేడం, కింద అర్థాలు గూడ రాసిస్తె బాగుండు" అంటుంది. నాకు కోపం రావాలి కానీ రాదు.

సరే, ఫారాలు పంచాను. రెండు రోజుల్లో అన్నీ తిరిగొచ్చాయి. స్టాఫ్ రూములో చాయ్ ముందు పెట్టుకుని మొదటి కట్ట విప్పాను. కౌన్సెలింగ్ అయిదు. హాస్టల్ అయిదు. ఈతకొలను అయిదు. రెండో కట్టా అంతే. ఒకమ్మాయి ఈతకొలను పక్కన "చాలా శుభ్రంగా ఉంది" అని కూడా రాసింది. లేని దాన్ని మురికి చేయడం ఎవరి వల్లా కాదు కాబట్టి అందులో అబద్ధమేమీ లేదు.

కట్ట పట్టుకుని గబగబా సెకండియర్ క్లాసుకు వెళ్లాను. "మన ఈతకొలను ఎక్కడుందో చూపిస్తే నేను ఇప్పుడే దూకుతాను" అన్నాను. క్లాసంతా తలలు దించుకుని నవ్వు ఆపుకుంది. మొదటి బెంచీలో నీలం స్కార్ఫు అమ్మాయి లేచింది. చార్మినార్ దగ్గర వాళ్ల నాన్నకు గాజుల దుకాణం ఉంది.

"మేడం, దావత్‌కు పిలిచి బిర్యానీ ఎట్లుంది అనడిగితే, ఉప్పు తక్కువైంది అని ఎవరన్న చెప్తరా? పూఛే తో అచ్ఛాచ్ బోల్నా నా" అంది. అడిగితే మంచే చెప్పాలి కదా అని. ఎవరూ దానికి నవ్వలేదు. అందరూ అవునన్నట్టు తలలూపారు.

పుస్తకాల్లో మూల్యాంకన పద్ధతులు చాలా చదివాను కానీ, మర్యాద వల్ల పాడైపోయే మూల్యాంకనం గురించి ఎక్కడా లేదు. ఫారాలు మళ్లీ నింపించాలి. కానీ గడువు మర్నాడే. పైగా, నిజం చెప్పేస్తాను, అన్నీ అయిదులే కావడంతో కూడిక భలే తేలిగ్గా ఉంది. సంతకం పెట్టి పంపేశాను. నా ఘనకార్యం అది.

నెల తర్వాత యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. మా కాలేజీని మెచ్చుకుంటూ మొదటి పేజీ. ప్రిన్సిపాల్ గారు దాన్ని నోటీసు బోర్డులో పెట్టించారు. రెండో పేజీ ఎవరూ చదవలేదు, ఒక్క ఆంటీ తప్ప. టపా విప్పి సర్దేది ఆమే. ఆ కాగితం మడిచి చేతిలో పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది.

"మేడం, నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే. గిది నా గురించేనా, జర జూడుండ్రి" అంది.

చదివాను. విద్యార్థి సేవలన్నీ, ముఖ్యంగా ఆన్‌లైన్ పోర్టల్, అత్యుత్తమంగా పనిచేస్తున్నట్టు మూల్యాంకనంలో తేలింది కనుక విచారణ కిటికీ అవసరం తీరిపోయిందట. వచ్చే నెలాఖరుతో ఆ పోస్టును పొడిగించనవసరం లేదట. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో తెలపాలట. అదంతా ఆమెకు తెలుగులో చెప్పాను.

ఆమె కాగితం వెనక్కి తీసుకుని మళ్లీ మడిచింది. తర్వాత ఉన్నట్టుండి నవ్వింది. "నేనే జెప్పిన మేడం. క్లాసు క్లాసుకు పోయి చెప్పిన. అన్నిటికీ అయిదు ఏయుండ్రి బిడ్డా, బయటోళ్ల ముంగట మన కాలేజ్ ఇజ్జత్ పోవద్దు అన్న. నా కొలువుకు నేనే ఎసరు వెట్టుకున్న!"

ఆమె నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే నా మీద నాకు మంట పుట్టింది. ఆమె ప్రేమ కొద్దీ చెప్పింది. పిల్లలు మర్యాద కొద్దీ రాశారు. అబద్ధమని తెలిసి సంతకం పెట్టింది నేనొక్కదాన్నే.

"ఇంకో పని దొరుకుతది మేడం, దాని ఫికర్ లేదు" అంది, చెంగుతో కళ్లజోడు తుడుచుకుంటూ. "మా ఆయన ఆటో ఉండనే ఉంది, నడిచిన దినం నడుస్తది. కానీ గీ పోరగాండ్లు లేకుంటె నాకెట్ల పొద్దువోతది? ఇంట్ల కూసుంటే పిచ్చి లేస్తది నాకు."

ఆ పోస్టు నిలబెట్టే పూచీ నాదని అప్పుడే అనుకున్నాను. ప్రిన్సిపాల్ గారు భయపడ్డారు. "మనమే మంచిగున్నదని రాసి, మళ్ల మనమే కాదంటే ఎట్ల మేడం?" అన్నారు. తప్పు నాదని నా పేరు మీదే రాస్తానని చెప్పాక ఒప్పుకున్నారు.

ఈసారి ఫారాలు లేవు, మార్కులు లేవు. పిల్లలకు తలా ఒక తెల్లకాగితం ఇచ్చాను. బోర్డు మీద మూడు ప్రశ్నలు రాశాను. ఈ ఏడాది కాలేజీలో నీకొచ్చిన ఇబ్బంది ఏమిటి? మొదట ఎవరి దగ్గరికి వెళ్లావు? తర్వాత ఏమైంది? ఒకరి బిర్యానీ బాగాలేదని చెప్పడానికి ఈ ఊళ్లో నోరు రాదు కానీ, జరిగింది చెప్పమంటే ఎంతసేపైనా చెబుతారు. నాకు తట్టిన తెలివల్లా అదే. అదైనా ఆ నీలం స్కార్ఫు అమ్మాయి పుణ్యమే.

ఆంటీని ఆ గంటసేపు స్టాఫ్ రూములో కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పాను. లేకపోతే మళ్లీ క్లాసు క్లాసుకూ వెళ్లి, ఎవరి గురించీ చెడ్డగా రాయొద్దని చెప్పి వచ్చేది. చాయ్ ఇచ్చినా తాగలేదు. "కిటికీ కాడికి ఎవలన్న వస్తే ఎట్ల? ఎవలన్న వచ్చినట్టున్నరు, జర జూసొస్త" అని పదిసార్లు లేచింది.

కాగితాలు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో, కొన్ని మూడూ కలిపి వచ్చాయి. ఉర్దూవి మా ఉర్దూ మేడం చదివి వినిపించింది. ఫీజు గడువు దాటిన కథ, హాల్ టికెట్‌లో ఫోటో మారిపోయిన కథ, ఇంట్లో చదువు మాన్పిస్తామంటే ఏం చేయాలో తెలియని కథ. అలా చదువు ఆగబోయిన పిల్లను ఆంటీ ఒక సీనియర్‌కు జత కలిపింది. ఆ సీనియర్ తన తల్లినే తీసుకుని వాళ్లింటికి వెళ్లిందట. రెండిళ్ల తల్లులూ మాట్లాడుకున్నారట. పిల్ల ఇప్పుడు ఫైనలియర్. కాగితం చివర "నేను కూడా ఇప్పటికి ఇద్దరిళ్లకు వెళ్లాను" అని రాసింది. ఆ ఒక్క కాగితాన్నీ ఉర్దూ మేడం రెండోసారి చదవలేకపోయింది.

దాదాపు ప్రతి కథా కిటికీ దగ్గరే మొదలైంది. కాగితాలన్నీ నా క్షమాపణతో కలిపి పంపాను.

పది రోజులకు యూనివర్సిటీ నుంచి ఒక అధికారి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, మాట పొదుపు. ప్రిన్సిపాల్ గదిలో మా కాగితాలు తిరగేసి, "ఇవి కథలు మేడం. నా దగ్గర డేటా ఉంది" అన్నారు. పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, పరిష్కారమయ్యాక "సంతృప్తి" అని నొక్కిన విద్యార్థుల జాబితా అది. పేజీలకు పేజీలు. "పోర్టల్ ఇంత బాగా పనిచేస్తుంటే కిటికీ దేనికి? మీ ముందే వాళ్లతో మాట్లాడతాను" అని ఒక పేజీలో ఒక నంబరు ఎంచి ఫోను కలిపారు.

కింద మెట్ల దగ్గర కోడి కూసింది.

నాకూ ప్రిన్సిపాల్ గారికీ అర్థమైంది. మా కాలేజీలో ఆ కోడికూత తెలియనివాళ్లు లేరు. అది ఆంటీ ఫోను. అధికారికి మాత్రం తెలియదు. స్పీకరు పెట్టి, "బీకాం సెకండియర్ విద్యార్థినితో మాట్లాడాలి" అన్నారు.

"ఆ పిల్ల క్లాసుల ఉంది సార్, నాకు జెప్పుండ్రి, నేను జెప్త" అంది ఫోను.

ఆయన పెట్టేసి, ఇంకో పేజీలో ఇంకొకరిని ఎంచుకున్నారు. కోడి కూసింది. "ఆమె ఇయ్యాల రాలే సార్, జరమొచ్చింది. ఏం పని?" అంది అదే గొంతు. ఆయన ఫోను వంకా, కాగితం వంకా చూసి, ఇంకో మూడు పేజీలు తిప్పి, ఈసారి నంబరు ఒక్కొక్క అంకె పైకి చదువుతూ నొక్కారు. మళ్లీ కోడి. ఆంటీకి ఓపిక అయిపోయింది. "ఏంది సార్, పొద్దటిసంది గిట్ల ఫోన్ల మీద ఫోన్లు జేస్తున్నరు? మీకేమన్న తక్లీఫ్ ఉంటె సీదా కిటికీ కాడికి రాండ్రి, జూద్దాం" అని పెట్టేసింది.

ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి ఆకాశం చూస్తున్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

అధికారి లేచి, నిజంగానే కిందికి దిగారు. మేమూ వెనకాలే. కిటికీ ముందు వరుస ఉంది. పిల్లలు ఆయన్ని ముందుకు పోనివ్వలేదు, ఆయనా అడగలేదు. వరుసలో నిలబడి అంతా చూశారు. ఫోటో కత్తిరించడం, పిన్నీసు ఇవ్వడం, ఎర్ర చెప్పుల పిల్లను వెతికించి ఇంకో పిల్లను అప్పగించడం. తన వంతు వచ్చాక, ఇన్ని ఫిర్యాదుల మీద ఒకే నంబరు ఎందుకుందని అడిగారు.

"మా పిల్లలల్ల మస్తు మందికి ఇంట్ల ఒక్కటే ఫోన్ సార్. అన్నదో, బాపుదో. కాలేజ్ మెసేజ్ గాళ్లకు పోతె లొల్లయితది. అందుకే నాది ఇస్తరు. నేనే ఎక్కిస్త, నేనే జూస్త."

"మరి ప్రతిదానికీ సంతృప్తి అని నొక్కారే? అన్నీ పోర్టల్‌లోనే తేలాయా?"

"యాడ సార్? ఆడికెల్లి జవాబు వచ్చేసరికి మా పిల్లలు తిరిగి తిరిగి జేసుకుంటరు. కానీ పాపం, యూనివర్సిటోళ్లు గూడ మనుషులే గద! ఏమనుకుంటరో అని మంచిగనే నొక్కిన."

ఆయన ముఖంలో మొదటిసారి నవ్వులాంటిది కనిపించింది. ఫైలు తెరిచి, "అది సరే, మీ ఈతకొలను ఎక్కడ?" అన్నారు.

ఆంటీ రెప్ప కూడా వేయలేదు. "రిపేర్ల ఉంది సార్" అంది.

తన కొలువు ఆయన చేతిలో ఉందని ఆమెకు తెలుసు. అయినా కాలేజీ ఇజ్జత్ కోసం అబద్ధమాడేసింది. నేను తల పట్టుకున్నాను. వరుసలోని పిల్లలందరూ ఒక్కసారిగా నేల చూశారు. ఇక నేను నోరు విప్పక తప్పలేదు. "లేదు సార్. ఈతకొలను లేదు, ఎప్పుడూ లేదు. పిల్లలు మర్యాదకు రాశారు. నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టాను. మా కాలేజీలో నిజంగా పిల్లలకు సాయపడేది ఏదైనా ఉంటే అది ఈ కిటికీ ఒక్కటే, అదొక్కటే ఫారంలో లేదు" అన్నాను. చెప్పాక ఇన్నాళ్ల బరువు దిగినట్టు అనిపించింది.

అధికారి ఫైల్లో ఏదో రాసుకున్నారు. ఫైలు మూసి, ఆంటీ ఇచ్చిన చెంబెడు నీళ్లు తాగి వెళ్లిపోయారు.

రెండు వారాలకు రెండు కాగితాలొచ్చాయి. ఒకటి నాకు మెమో, ఇకమీదట సరిచూసి మరీ సంతకం చేయమని. దాన్ని జాగ్రత్తగా దాచుకున్నాను. రెండోది ఆంటీ పోస్టు పొడిగింపు, ఎప్పటిలాగే ఒక్క ఏడాదికి. ఆమె దాన్ని రెండుసార్లు చదివించుకుని, నా చెయ్యి పట్టుకుని, "ఇగ నేను ఏ క్లాసుకు పోను మేడం, ఒట్టు" అంది. ఆ సాయంత్రం మా స్టాఫంతా ఆమె తెచ్చిన డబల్ కా మీఠా తిన్నాము.

మరుసటేడు వచ్చిన ఫారంలో ఈతకొలను లేదు. దాని స్థానంలో "విచారణ కిటికీ" అని కొత్త వరుస ఉంది. నేను క్లాసుల్లో ముందే చెప్పాను, ఇది దావత్ కాదు, ఉప్పు తక్కువైతే తక్కువైందనే రాయాలని. కట్టలు విప్పాను. కిటికీకి అన్నీ అయిదులే. మళ్లీ దావత్ మర్యాదేనా అనుకున్నాను. అప్పుడు కనిపించింది ఒక మూడు. పక్కన చిన్న అక్షరాలతో, "ఒంటిగంట నుంచి రెండు దాకా ఆంటీ దొరకదు" అని ఉంది. పేరు లేదు.

దాచడం ఎందుకని తీసుకెళ్లి చూపించాను. ఆంటీ కళ్లజోడు సర్దుకుని చదివింది. "మూడా? ఎవలేసిండ్రు మూడు?" అని లేచి నిలబడింది. "గింత జేస్తె మూడేస్తరా? అన్నం గూడ తినొద్దా మనిషి?" మూతి ముడుచుకుని ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. ఆమెకు కోపమొచ్చిందని నాకు దిగులుగా ఉంది, పైకి చెప్పలేనంత సంతోషంగానూ ఉంది. నేను సంతకం పెట్టిన ఫారాల్లో నేను నమ్మిన మొదటి అంకె అది.

మర్నాడు ఒంటిగంట దాటాక మెట్లు దిగుతుంటే కిటికీ దగ్గర మాటలు వినిపించాయి. టిఫిన్ డబ్బా కిటికీ గట్టు మీదికి వచ్చేసింది. ఆంటీ కుడి చేత్తో పప్పన్నం కలుపుకుంటూ, ఎడమ చేత్తో చువ్వల్లోంచి ఎవరికో దారి చూపిస్తోంది. "గా పచ్చ బ్యాగు పిల్ల పాసై పోయింది బిడ్డా. నువ్వు నీలం స్కార్ఫు పిల్ల కాడికి పో."